దాంపత్యంలో రెండో పంట

తెర మీద ‘శుభం’ అన్న అక్షరాలు పడేసరికి నాయికానాయకులు పెళ్ళిపీటల మీద ఉంటారు. ఎన్నో దశాబ్దాలుగా మన సినిమాలు చెబుతూ వచ్చిన ప్రేమకథ ఇంతవరకే. ఆ తరువాత ఆ ఇద్దరూ ఎలా బతికారు, పాతికేళ్ళు గడిచాక ఒకరినొకరు ఏమని పిలుచుకున్నారు, పిల్లలు రెక్కలొచ్చి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో రాత్రి తొమ్మిది గంటలకు ఏ చప్పుడు వినిపించింది అన్న సంగతులు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కథ ముగిసిందని ప్రేక్షకులు లేచి ఇళ్ళకు వెళ్ళిపోతారు. వెళ్ళేది మాత్రం ఆ చెప్పని కథలోకే.

మేమిద్దరం పామర్రు వాస్తవ్యులం. మా నికాహ్ జరిగి 26 ఏళ్ళు నిండాయి. ఇది మేమిద్దరం కలిసి కూర్చుని రాస్తున్న వ్యాసం. కాబట్టి ఇందులో ఏ మాట ఎవరిదో విడదీసి చెప్పడం లేదు. ఇలాంటి విషయాలు నలుగురిలో మాట్లాడుకునేవి కావన్న సంకోచం మాకూ ఉంది. అయితే మాట్లాడకపోవడం వల్ల కలిగే నష్టం ఆ సంకోచం కన్నా పెద్దదని తోచినందువల్లనే కలం పట్టాము.

మా మండలంలోని నిమ్మకూరులోనే 1923లో నందమూరి తారక రామారావు జన్మించారు. ఈ ప్రాంతంలో ఏ మతం వారింట్లోనైనా ఆయన పాత చిత్రాల ప్రస్తావన రాకుండా ఉండదు. 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ను పెద్దలు ఇప్పటికీ తలచుకుని నవ్వుతారు. ఉద్యోగం కోసం ఆలుమగలుగా నటించే ఇద్దరు అపరిచితుల కథ అది. నటన మెల్లగా నిజమవుతుంది, నిజం కాగానే కథ ముగుస్తుంది. ఏళ్ళు గడిచిన కాపురాల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ నిజం మెల్లగా నటన అవుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు కలిసి కూర్చుని నవ్వుతాము, వలీమా విందుల్లో పక్కపక్కన నిలబడి ఫొటోలు దిగుతాము. ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాక ఒకరు ముందు గదిలోకి, ఒకరు వంటగదిలోకి వెళ్ళిపోతాము.

అదే కథానాయకుడు 1972లో ‘బడి పంతులు’ అయ్యారు. వయసు మళ్ళిన ఉపాధ్యాయ దంపతులను కన్నబిడ్డలే చెరొక ఇంట్లో ఉంచి విడదీస్తారు. ఆ సినిమా చూసి కన్నీరు పెట్టుకోని ఇల్లు లేదు. కాని ఒక్క విషయం గమనించాలి. ఆ దంపతులను విడదీసింది బయటి కారణం. ఒకే కప్పు కింద, ఒకే మంచం మీద ఉంటూ, ఏ కారణమూ లేకుండానే దూరమయ్యే వారి మీద సినిమా తీయడం కష్టం. అందులో సంఘటన ఉండదు, దుర్మార్గుడు ఉండడు, పతాక సన్నివేశం ఉండదు.

రెండో భాగం చెప్పబోయిన సినిమా

ఆ తరువాతి కథను చెప్పబూనిన చిత్రాలు బహు తక్కువ. 2011లో వచ్చిన ‘తను వెడ్స్ మను’ అనే హిందీ హాస్యచిత్రం యథాప్రకారం పెళ్ళితో ముగిసింది. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్ 2015లో దానికి రెండో భాగం తీశారు. కథ నాలుగేళ్ళు ముందుకు జరుగుతుంది. లండన్‌లోని ఒక మానసిక వైద్యశాలలో, వైద్యుల ఎదుట కూర్చుని ఆ ఆలుమగలు ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చెప్పుకోవడంతో సినిమా మొదలవుతుంది. మాధవన్, కంగనా రనౌత్ ఆ పాత్రలు ధరించారు.

పండుగ సెలవులకు వచ్చిన మా అమ్మాయి టీవీలో ఆ సినిమా పెట్టింది. సినిమాల మంచిచెడ్డలను తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఆ మొదటి సన్నివేశానికి ముగ్గురమూ నవ్వాము. కాసేపటికి మా అమ్మాయి ఒక్కతే నవ్వుతోంది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తగా టీవీ వైపే చూస్తున్నాము.

ఆ కథలో తరువాత భర్తకు మరొక యువతి పరిచయమవుతుంది. ఆమె రూపం అచ్చంగా భార్య రూపమే. రెండు పాత్రలనూ ఒకే నటి పోషించింది. ఇది కేవలం నవ్వించడానికి చేసిన ఏర్పాటుగా చాలామందికి కనిపించి ఉంటుంది. మాకు మాత్రం ఆ సినిమా మొత్తంలో నిజమైన మాట అదే అనిపించింది. మనిషి కొత్త ముఖాన్ని వెతుక్కుంటున్నానని అనుకుంటాడు. వెతికేది మాత్రం తనకు తెలిసిన ముఖాన్నే, అది తనను చూసి వెలిగిన రోజుల్లో ఎలా ఉండేదో ఆ ముఖాన్నే. ఇంట్లో ఉన్న మనిషిని మరొకసారి తలెత్తి చూడటానికి బదులు ఆమె పోలికను ఊళ్ళన్నీ తిరిగి వెతకడం ఎంత దూరపు ప్రయాణం!

తెలుగులో 2019 నాటి ‘ఎఫ్2’ కూడా పెళ్ళి తరువాతి విసుగు మీద అల్లిన హాస్యమే. 2022లో అదే నటులతో ‘ఎఫ్3’ వచ్చింది గాని, అది ఆ కథను కొనసాగించలేదు. డబ్బు యావ మీదికి మళ్ళింది. దాంపత్యంలోని విసుగును చూపి ఒక సినిమా నిడివి నవ్వించవచ్చు. ఆ తరువాత ఏమిటి అన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కథకులు దారి మార్చుకుంటారు. మనం అలా మార్చుకోవడానికి లేదు.

పేర్లు మరచిన ఇల్లు

వేడి తగ్గడం అన్నది ఒక రోజున జరిగే పని కాదు. మా ఇంట్లో అది మొదట పిలుపుల్లో కనిపించింది. పెళ్ళయిన కొత్తలో ‘సునో జీ’ అన్న పిలుపులో ఒక దాగుడుమూత ఉండేది. అమ్మాయి పుట్టాక ఆమె పేరు ముందు చేర్చి ‘అమ్మీ’ అని, ‘అబ్బా’ అని పిలుచుకోవడం అలవాటయింది. మన ఇళ్ళలో ఇది సహజమే, ముచ్చటైనదే. అయితే క్రమంగా మేము ఒకరికొకరం ఆ పిల్లల తల్లిగాను, తండ్రిగాను మాత్రమే మిగిలాము. పిల్లలు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ పాత్రలతో పొద్దుపోయింది. అమ్మాయి పెళ్ళయి హైదరాబాదు వెళ్ళింది. అబ్బాయి ఉద్యోగానికి గల్ఫ్ వెళ్ళాడు. అప్పుడు ఆ తల్లికీ తండ్రికీ చేయవలసిన పని లేకుండా పోయింది.

తరువాత అది మాటల్లో కనిపించింది. గ్యాస్ బండ బుక్ చేశారా, కరెంటు బిల్లు కట్టారా, బందరు వెళ్ళే పని ఉందా, మందులు అయిపోయాయా. ఈ నాలుగు ప్రశ్నలతో రోజు గడిచిపోతుంది. ఒకనాడు అమ్మాయి ఫోన్‌లో, “అబ్బాకు వారం నుంచి మోకాలు నొప్పిగా ఉందట, చూపించుకున్నారా అమ్మీ?” అని అడిగింది. ఆ నొప్పి సంగతి మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న అమ్మాయికి తెలిసింది, పక్క గదిలో ఉన్న మనిషికి తెలియలేదు. మేమిద్దరం ఎవరి కబుర్లు వారు బిడ్డకు చెప్పుకుంటున్నాము. బిడ్డ మా ఇద్దరి మధ్య తీగ అయింది.

మూడవది శరీరం. దీన్ని గురించి మన కుటుంబ పత్రికల్లో మర్యాదగా, సూటిగా చెప్పుకోవలసిన అవసరం ఉంది. నలభై అయిదు దాటాక స్త్రీ శరీరంలో ముట్లుడిగే మార్పులు వస్తాయి. నిద్ర చెదురుతుంది, ఒళ్ళు ఆవిర్లు కమ్ముతాయి, మనసు చిరాకు పడుతుంది, సాన్నిహిత్యం బాధాకరమూ కావచ్చు. పురుషునికి చక్కెర జబ్బు వస్తే అది నరాలనూ రక్తప్రసరణనూ దెబ్బతీసి దాంపత్య శక్తిని తగ్గిస్తుంది. రక్తపోటుకు వాడే కొన్ని మందులూ అదే పని చేస్తాయి. మాలో ఒకరికి మొదటిది, ఒకరికి రెండవది. ఈ సంగతి తెలియనంత కాలం ఒకరు ‘నా మీద ఇష్టం పోయింది’ అనుకుంటారు, మరొకరు ‘నన్ను తప్పించుకుంటున్నారు’ అనుకుంటారు. శరీరం చేసిన పనికి మనసు నిందలు మోస్తుంది. విజయవాడలో ఒక డాక్టరమ్మ మా ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు. మందులు మార్చారు, భయపడవలసినది లేదన్నారు. ఎంతోమంది భార్యాభర్తలు ఈ మాట అడగడానికి సిగ్గుపడి పదేళ్ళు మౌనంగా గడిపేస్తారని ఆవిడ చెప్పినప్పుడు మాకు ఊరట కన్నా బాధే ఎక్కువ కలిగింది.

‘ఏమీ లేదు’ అన్న కారణం

మా దగ్గరి బంధువుల్లో ఒక జంట 28 ఏళ్ళ కాపురం తరువాత విడిపోయింది. ఇల్లాలు ఖులా కోరింది. పెద్దలు ఇరువైపులా కూర్చుని కారణమేమిటని అడిగారు. కొట్టాడా అంటే లేదన్నది. తాగుడు, జూదం ఉన్నాయా అంటే లేవన్నది. పోషణలో లోటు చేశాడా అంటే అదీ లేదన్నది. మరేమిటమ్మా అంటే, “ఏమీ లేదు మామూ, మా మధ్య ఏమీ లేదు” అన్నది. పెద్దలు ఆ మాటను జవాబుగా లెక్క కట్టలేదు. మళ్ళీ మళ్ళీ కారణమే అడిగారు. ఆమె చెప్పిన కారణం అదేనని మా ఇద్దరికీ ఆ క్షణంలోనే అర్థమయింది.

ఆ రాత్రి ఉయ్యూరు మీదుగా బస్సులో తిరిగి వస్తూ మేము చాలాసేపు మాట్లాడుకోలేదు. పామర్రు సెంటరులో దిగి నడుస్తుండగా ఒకరం అడిగాము: “మనమూ అక్కడికే వెళ్తున్నామా?” కొంతసేపటికి రెండో వారి నుంచి జవాబు వచ్చింది: “ఇంకా వెళ్ళలేదు కదా, వెనక్కి తిరుగుదాం.” ఎన్నో నెలల తరువాత గ్యాస్ బండకూ కరెంటు బిల్లుకూ సంబంధం లేని మాటలు మా మధ్య నడిచింది ఆ రాత్రే.

పరుగు పందెం రెండో భాగం

ఇటువంటి సమయాల్లో ఆదర్శం కోసం మనం దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) గృహజీవితం వైపు చూస్తాము. హజ్రత్ ఆయిషా (రజి)తో ఆయన పరుగు పందెం వేసిన ఉదంతం మనలో చాలామందికి తెలుసు. ఒక ప్రయాణంలో ఇద్దరూ పరుగెత్తారు, ఆవిడ గెలిచారు. మనం సాధారణంగా ఇక్కడితో ఆపి ముచ్చట పడతాము. కాని ఆ ఉదంతానికి రెండో భాగం ఉంది. కొన్నేళ్ళు గడిచాయి. ఆవిడ కొంత ఒళ్ళు చేశారు. మరొక ప్రయాణంలో ఆయన తిరిగి పందెం వేశారు, ఈసారి ఆయనే గెలిచారు. నాటి ఓటమికి నేటి గెలుపు చెల్లు అని ఆయన సరదాగా అన్నట్లు ఆయిషా (రజి) గారే తెలియజేశారు.

మాకు ఆ గెలుపు ఓటములకన్నా ఆయన ఆ మొదటి పందేన్ని గుర్తుంచుకున్నారన్న విషయమే గొప్పగా తోస్తుంది. మధ్యలో యుద్ధాలు, ఒప్పందాలు, ఒక సమాజాన్ని నిలబెట్టే భారం. అన్నింటి మధ్య భార్యతో ఆడిన ఒక ఆట లెక్క ఆయన మనసులో తెరిచే ఉంది. వయసు మారింది, శరీరం మారింది, ఆట మారలేదు.

హజ్రత్ ఖదీజా (రజి)తో ఆయన సహచర్యం సుమారు 25 ఏళ్ళు. ఆవిడ మరణానంతరం కూడా ఆయన గొర్రెను కోసినప్పుడు ఆవిడ స్నేహితురాళ్ళకు వాటా పంపించేవారు. బద్ర్ యుద్ధం తరువాత ఆయన కుమార్తె జైనబ్ (రజి) తన భర్తను విడిపించుకోవడానికి ఒక హారాన్ని పంపారు. అది ఖదీజా (రజి) తన బిడ్డకు ఇచ్చిన హారం. దాన్ని చూడగానే ఆయన హృదయం చలించిపోయింది. ఇంత దీర్ఘకాలం నిలిచిన దాన్ని కేవలం మోహం అని ఎవరూ అనలేరు.

దివ్య ఖుర్ఆన్‌లోని అర్-రూమ్ సూరా దాంపత్యాన్ని ప్రస్తావిస్తూ రెండు వేర్వేరు పదాలను పక్కపక్కన వాడింది. ఒకటి మవద్దత్, అంటే ప్రేమానురాగం. రెండవది రహ్మత్, అంటే కారుణ్యం. ఒకటి తగ్గిన రోజున రెండవది ఇంటిని మోస్తుందని పెద్దలు చెబుతారు. అందులో సత్యముంది. అయితే ఆ మాటను సాకుగా చేసుకుని మొదటిదాన్ని వదిలేయడం మాకు సమ్మతం కాదు. వయసు మీద పడింది కాబట్టి ఇక జాలితో కాలక్షేపం చేయండి అని రెండు పదాల్లో ఒకదాన్ని ఎవరూ కొట్టివేయలేదు. భార్య నోటికి అందించిన ముద్దకు కూడా పుణ్యఫలం ఉందని బోధించిన ధర్మం మనది. ఆ ముద్దకు వయఃపరిమితి పెట్టలేదు.

కోతకు ముందే చల్లే విత్తనం

మా ప్రాంతం రైతులకు తెలిసిన ఒక పద్ధతి చెప్పి మా ఆలోచనను వివరిస్తాము. కృష్ణా డెల్టాలో సార్వా వరికి కాలువ నీరు వస్తుంది. పొలమంతా నీరే, పచ్చదనమే. చూడటానికి అది పండుగ. కోత సమయానికి నీరు తీసేస్తారు. రెండో పంటగా మినుము వేసే మాగాణుల్లో రైతు వరి కోసేదాకా ఆగడు. కోతకు రెండు మూడు రోజుల ముందే, వరి ఇంకా నిలబడి ఉండగానే, తేమ నేలలో మినుములు చల్లుతాడు. వరి కోసి తీశాక ఆ మొలకలు బయటపడతాయి. దుక్కి లేదు, కాలువ నీరు లేదు. మొదటి పంట వదిలిన తేమతోను, రాత్రి మంచుతోను సుమారు 80 రోజుల్లో పంట చేతికొస్తుంది.

దాంపత్యపు రెండో సగమూ ఇలాంటిదే. దానికి కాలువ వరద రాదు, యౌవనపు ఉరవడి తిరిగి రాదు. మొదటి ఇరవై ఏళ్ళు నేలలో మిగిల్చిన తేమే దాని ఆధారం. అయితే ఆ తేమ ఎల్లకాలం నిలవదు. మినుము చల్లడానికి అదును ఉంది. నేల మరీ తడిగా ఉంటే గింజ కుళ్ళిపోతుంది, ఆరిపోయాక చల్లితే మొలకెత్తదు. పిల్లలు ఇల్లు విడిచి వెళ్ళాక ఒకరికొకరం దొరుకుతాములే అని వాయిదా వేసే భార్యాభర్తలు కోత అయి నేల బీటలు వారిన తరువాత విత్తనం పట్టుకుని నిలబడినవారే. పిల్లలు ఇంకా పుస్తకాలు ముందేసుకుని ఇంట్లో ఉండగానే, పని ఒత్తిడి నడుమనే, రెండో పంట గింజలు చల్లుకోవాలి.

ఈ పంటకు ఒక విచిత్రమైన శత్రువు ఉంది. పేరు బంగారు తీగ. ఆకులుండవు. పసుపుపచ్చని దారాల్లా అందంగా మినుము మొక్కల మీద అల్లుకుంటుంది. దూరం నుంచి చూసేవారికి చేను మీద బంగారు పోగులు పరిచినట్లు ఉంటుంది. కాని అది బతికేది మొక్క రసం పీల్చే. మొదట్లోనే పీకి పారేయకపోతే చేనంతా అల్లుకుపోతుంది. ఇంట్లో ప్రతి మంచం పక్కనా వెలిగే ఫోన్ తెరను చూసినప్పుడల్లా మాకు ఈ తీగే గుర్తుకొస్తుంది. పక్క మనిషికి దక్కవలసిన చూపును, నవ్వును, నిద్రకు ముందరి ఆ పది నిమిషాలను అది చప్పుడు లేకుండా పీల్చుకుంటుంది.

మేము చేసుకున్న ఏర్పాట్లు చెప్పుకోదగ్గంత పెద్దవి కావు. ఫజ్ర్ నమాజు తరువాత కాలువ గట్టు వెంట ఇద్దరం కలిసి నడుస్తాము. డాక్టరమ్మ చెప్పినది చక్కెర జబ్బు కోసమే అయినా, ఆ నడకలో మాటలు దొర్లుతాయి. ఇషా తరువాత ఫోన్లు ముందు గదిలోనే ఉంటాయి. ఎవరి ఒంట్లో ఏ నలత ఉన్నా మొదట ఇంట్లో చెప్పి, ఆ తరువాతే అమ్మాయికి చెబుతాము. పెళ్ళినాటి పిలుపులను తిరిగి తెచ్చుకున్నాము. మొదటి వారం ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వు కూడా లాభమే. నెలకొకసారి గుడివాడకో బందరుకో ఏ పనీ పెట్టుకోకుండా వెళ్ళి వస్తాము. పని లేకుండా ఎందుకు వచ్చారని చుట్టాలు వింతగా అడుగుతారు. ఊరికే వచ్చామంటే నమ్మరు.

ఇదంతా చేశాక పాతికేళ్ళ నాటి ఉద్వేగం తిరిగి వచ్చిందా అని అడిగేవారికి రాలేదనే చెబుతాము. కొన్ని రోజులు ఇప్పటికీ పొడిగానే గడుస్తాయి. ఏమీ మాట్లాడకుండా పడుకున్న రాత్రులు లేకపోలేదు. కాని మౌనంలోనూ తేడా ఉంటుంది. ఎదుటి మనిషి ఉన్నారన్న ఎరుకతో ఉండే మౌనం ఒకటి, ఎదుటి మనిషి లేనట్లుగా ఉండే మౌనం మరొకటి. మేము రెండో దాని నుంచి మొదటిదానికి వచ్చాము. అల్హమ్దులిల్లాహ్.

మా పక్కనే మొవ్వ మండలంలో ఉన్న కూచిపూడిని గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా 1678లో అక్కడి కళాకారుల కుటుంబాలకు ఇచ్చాడని ప్రతీతి. ఆ ఊరి ప్రసిద్ధ నాటకమైన భామాకలాపం ఆసాంతం ఒక పెళ్ళయిన జంట అలకకు, ఎడబాటుకు, తిరిగి కలుసుకోవడానికి సంబంధించినదే. ప్రేమకథను పెళ్ళి దగ్గర ముగించకుండా పెళ్ళి తరువాత మొదలుపెట్టడం మన నేలకు కొత్త కాదన్నమాట. సినిమాలు మరచిపోయాయి గాని మన పెద్దలకు తెలుసు.

పాఠక సోదరీ సోదరులారా! మీలో ఎవరి నికాహ్ నిన్న మొన్న జరిగిందో వారికి ఈ మాటలు దూరపు సంగతులుగా తోచవచ్చు. దాచుకోండి, పదిహేనేళ్ళ తరువాత పనికి వస్తాయి. మాలా పాతికేళ్ళు దాటినవారికి మాత్రం ఒక విన్నపం. మీ జీవిత భాగస్వామికి ఈ వారం ఎక్కడ నొప్పిగా ఉందో, ఏ సంగతి తలచుకుని రాత్రి నిద్ర పట్టలేదో మీకు తెలుసా? తెలియకపోతే పిల్లలకు ఫోన్ చేసి అడగకండి. పక్క గదిలోకి వెళ్ళి అడగండి. నేలలో తేమ ఇంకా ఉంది. అల్లాహ్ మన ఇళ్ళలో మవద్దత్‌నూ రహ్మత్‌నూ రెండింటినీ నిలుపుగాక. ఆమీన్.